వాచీ చూసిన రెఫరీ

నవీన్ కాలు విరిగిన చప్పుడు గ్రౌండు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది.

విజిల్ ఆ తర్వాత మోగింది.

అది పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఫుట్‌బాల్ టోర్నమెంటు ఫైనల్. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుంది. అవతలి టీమువాడు నవీన్ మడమ మీద తన్నాడు. అప్పుడే విజిల్ ఊది ఆట ఆపాల్సింది. రెఫరీ ఊదలేదు. నవీన్ కుంటుతూనే బంతి వెంట పడ్డాడు. రెండోసారి తన్నినప్పుడు కాలు విరిగింది.

నవీన్ టీము కెప్టెన్ శ్రావణ్‌కుమార్ ఉరికొచ్చి రెఫరీ కాలరు పట్టుకున్నాడు.

“మొదలు తన్నినప్పుడు ఏడ సూస్తున్నవ్?”

రెఫరీ త్రినాథరావుకి యాభై తొమ్మిదేళ్లు. పటేల్‌గూడలో ఉంటాడు. ఓ ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. చేతికి కొత్త జీపీఎస్ వాచీ ఉంది. ఆట ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది, తను ఎంత దూరం పరుగెత్తాడు, అన్నీ అదే చూపిస్తుంది.

“వాచీ చూస్తున్నానండి,” అన్నాడు. “ఆగిన టైము ఎంతైందో చూసుకుంటున్నాను. తప్పు నాదే.”

ఏదో సాకు చెబుతాడనుకున్న శ్రావణ్ చెయ్యి ఒక్క క్షణం వదులైంది. మళ్లీ బిగిసింది.

“పోరగాని బతుకు ఆగం జేసినవ్. ఇగ ఈ గ్రౌండుల కాలు పెట్టకు.”

త్రినాథరావు మెడలోంచి విజిల్ తీసి అతని చేతిలో పెట్టాడు. గ్రౌండు దాటి వెళ్లిపోయాడు.

ఎవరో తీసిన వీడియో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ చేరింది. ‘వాచీ రెఫరీ’ అని పేరు పెట్టారు.

శ్రావణ్ ఆస్పత్రికి వెళ్లి నవీన్‌ను ఒకసారి చూశాడు. లోపల రాడ్ వేశామని, మళ్లీ నడవాలంటే రోజూ కసరత్తు చేయించాలని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత షిఫ్టులు, ఓవర్‌టైము. ఈ ఆదివారం ఇంటికి వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూనే నాలుగు నెలలు గడిచిపోయాయి.

ఓ రోజు టోర్నమెంటు కమిటీ పెద్ద యాదన్న ఫోన్ చేశాడు.

“వాచీ రెఫరీ పోయిండట శ్రావణ్, వారమాయెనట. పొద్దుగాల సైకిల్ మీద పోతుంటే లారీ గుద్దిందట. మన తరఫున ఒకరన్న పోవాలె. నువ్వు జెర పోయిరా.”

ఇష్టం లేకపోయినా వెళ్లాడు.

త్రినాథరావు భార్య బుల్లెమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఫుట్‌బాల్ కమిటీ నుంచి వచ్చానని చెబితే లోపలికెళ్లి వాచీ, భర్త ఫోను తెచ్చింది.

“దీన్ని కాస్త ఆపిపెట్టు బాబూ. పొద్దున్న అయిదింటికి మోగుతోంది. ఆయన లేచారేమోనని పక్కకి చూస్తున్నాను.”

“అయిదింటికి ఏడికి పోతుండె అమ్మా?”

“సైకిల్ తొక్కడానికి. మళ్లీ మేచ్‌లకి పిలుస్తారు, దమ్ము తగ్గకూడదు అనేవారు. నిజంగా పిలుస్తారా అనడిగితే నవ్వేసేవారు.”

శ్రావణ్ ఫోన్‌లో వాచీ యాప్ తెరిచి అలారం ఆపాడు. కింద మ్యాప్, దాని మీద ఆయన సైకిల్ వెళ్లిన దారి చూపే ఎర్ర గీత కనిపించాయి.

చివరి రోజు గీత దారి మధ్యలోనే ఆగిపోయింది. అంతకుముందు రోజులవన్నీ ఒకేలా ఉన్నాయి. పటేల్‌గూడ నుంచి కాజీపల్లి. అక్కడ ఒకేచోట గంటసేపు. మళ్లీ పటేల్‌గూడ. దాదాపు మూడు నెలలు, ఒక్క రోజు కూడా తప్పలేదు.

“కాజీపల్లిల మీవాళ్లు ఎవరన్న ఉన్నరా?”

“ఎవరూ లేరే.” బుల్లెమ్మ ఆ గీతకేసి చాలాసేపు చూసింది. “ఎవరున్నారో చూసొచ్చి నాకు చెబుతావా బాబూ?”

శ్రావణ్ ఆ గీత పట్టుకుని బైకు మీద వెళ్లాడు. అది ఓ రేకుల ఇంటి ముందు ఆగింది.

వాకిలి ఊడుస్తున్నావిడ నడుం ఎత్తి చూసింది.

“కంపెనీ నుంచొచ్చినవా బిడ్డా? సారుకు పానం బాగలేదా ఏంది? వారమాయె రాక.”

“ఏ సారమ్మా?”

“కాలుకు కసరత్తు చేపిచ్చే సారు. మీ కంపెనీయే గద పంపింది.” ఆమె లోపలికి తిరిగి పిలిచింది. “ఓ నవీన్, నీకోసం ఎవరో వచ్చిండ్రు.”

నవీన్ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కర్ర లేదు. గోడా పట్టుకోలేదు.

“నడుస్తున్నవారా,” అన్నాడు శ్రావణ్.

నవీన్ తల్లి నర్సింహమ్మే అందుకుంది.

“సారే నడిపిచ్చిండు. వీని కాలు ఒళ్లె పెట్టుకొని పిసుకుతుండె. కన్నతండ్రన్న గట్ల చెయ్యడు. నేను చాయ్ పోసుకుంట గా రెఫరీగాన్ని రోజు తిడుతుంటి, వాని చేతులు పడిపోను, వాని పాడెగట్ట అని. సారు తల వంచుకొని ఇంటుండె. ఒక్క మాట అనకపోతుండె.”

శ్రావణ్ ఆమెకు దగ్గరగా వచ్చాడు.

“సారు ఇగ రాడమ్మా. వారం కింద లారీ గుద్దింది. మీ ఇంటికి వస్తుంటెనే.”

నర్సింహమ్మ ఉన్నచోటే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“గసొంటి మనిషిని తీస్కపాయె దేవుడు. నా కొడుకును గిట్ల జేసిన గా రెఫరీగాడు ఏడనో సల్లగ ఉన్నడు. వాడన్న పోకపాయె.”

నవీన్ మెల్లగా కాలు మడిచి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడే అమ్మా,” అన్నాడు. “గా రెఫరీయే మన సారు.”