పచ్చి బాలింత

పక్క పోర్షన్‌లో కాన్పు అయిందని పచ్చయమ్మకు ఎవరూ చెప్పలేదు. ముక్కే చెప్పింది.

వెల్లుల్లి వేయిస్తున్న వాసన. వాము వేసి కాచిన నీళ్ళ వాసన. పొద్దున పదింటికల్లా సాంబ్రాణి పొగ. హోసూరు పక్కన మత్తిగిరిలో ముప్పై ఏళ్ళుగా కాపురం, ఇద్దరు కూతుళ్ళకూ ఇద్దరు కోడళ్ళకూ పురుళ్ళు చేసిన మనిషి. ఆ మాత్రం తెలియదా?

తనకూ అయిదు కాన్పులు. నడుము ఇప్పటికీ పట్టేస్తుంది. గట్టిగా దగ్గితే చీర తడుస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ పోర్షన్‌లో ఉండేది పూర్ణిమ. హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే కంపెనీలో కాంట్రాక్టు పని. మొగుడు రోజూ బెంగళూరుకు డ్యూటీకి పోయి వస్తాడు. పిల్లలు బడికి పోతారు. ఒక శుక్రవారం ఆమె ఆటోలో ఎవరినో తీసుకొచ్చి దించింది. తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి. అప్పటి నుంచి ఆ తలుపు వేసే ఉంది.

తలుపు వేస్తే ఏం, గోడ పలచన. మాటలన్నీ వినపడతాయి.

"లేవద్దమ్మా. బిందె నేనెత్తుతాను కదా."

"చన్నీళ్ళు ముట్టుకోవద్దమ్మా."

"చెవుల్లో దూది తియ్యొద్దు. గాలి దూరుతాది."

జవాబు మాత్రం ఒక్కటీ రాదు. ఈ వైపు చెల్లెలినైనా, ఆడబిడ్డనైనా 'అమ్మా' అనే పిలుస్తారు. పూర్ణిమ గొంతులో ఆ గదమాయింపు విని, చెల్లెలే అయ్యుంటుందని పచ్చయమ్మ తేల్చేసింది.

ఒక్కటే అర్థం కాలేదు. వారం దాటింది. బిడ్డ ఏడుపు వినపడలేదు. దండెం మీద పొత్తిగుడ్డ ఒక్కటైనా ఆరలేదు.

సోమవారం పూర్ణిమ వాకిట్లో గిన్నెలు తోముతూ ఫోన్ స్పీకర్లో పెట్టింది. అవతల సూపర్‌వైజర్ సెల్వరాజ్.

"ఎప్పుడమ్మా వస్తావు డ్యూటీకి?"

"ఇంట్లో బాలింత ఉండాది సార్. లోపల కుట్లేసినారు. నలభై దినాలు బరువెత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది. నేను ఈడ లేకుంటే లేచి పనులు చేస్తాది. కుట్లు తెగుతాయి."

"నలభై దినాలా? ఈ వారంలో రాకుంటే నీ లైన్లో వేరే ఆళ్ళను పెట్టేస్తాను. తర్వాత నన్ను అనొద్దు."

"పెట్టుకోండి సార్."

ఏడేళ్ళ ఉద్యోగం. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, భయం కూడా లేదు. ఫోన్ పక్కన పెట్టి, మిగతా గిన్నెలు తోముకుంది.

పచ్చయమ్మ ఇక ఆగలేకపోయింది. వెల్లుల్లి కారం ఒక గిన్నెలో వేసుకుని పక్కింటికి వెళ్ళింది.

గది నిండా పొగ. మంచం మీద గోడ వైపు తిరిగి ఒక మనిషి పడుకుని ఉంది. తలకు తువ్వాలు, చెవుల్లో దూది, కడుపు చుట్టూ బిగించి కట్టిన గుడ్డ. కదలిక లేదు. పూర్ణిమ కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలకు నూనె రాస్తోంది. గదిలో ఉయ్యాల లేదు.

బిడ్డ దక్కలేదనుకుంది పచ్చయమ్మ. అయ్యో దేవుడా, ఇదా సంగతి! ఇన్నాళ్ళూ గోడకు చెవి పెట్టి కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నోరు తెరిచి ఏడ్సనన్నా లేదా, తల్లి?" గొంతు తగ్గించి అడిగింది.

"లేదక్కా. ఆమెకు అలవాటు లేదు."

"ఏం బిడ్డ?"

"ఆడబిడ్డ."

పచ్చయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"యాడ మట్టి చేసినారమ్మా?"

పూర్ణిమ తల ఎత్తలేదు. నూనె రాస్తూనే ఉంది.

"ఆ బిడ్డను నేనేనక్కా, నన్ను కన్న మూడోనాడే మా అమ్మ కృష్ణగిరి పక్కన క్వారీలో రాళ్ళు మోసేకి పోయింది, అప్పుడు జారిన గర్భసంచిని నలభై రెండేండ్లు ఎవురికీ చెప్పకుండా మోసి, మొన్న తీపించుకొనింది."