గురువారం సెలవు

ఉదయం తొమ్మిదింటి నుంచి మేనేజరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వెనక తలుపుకి అడ్డంగా నెలల తరబడి పడున్న అట్టపెట్టెలు మాయమయ్యాయి. మంచినీళ్ల దగ్గర కొత్త గ్లాసులు వెలిశాయి. గోడకి మంటలార్పే ఎర్ర సిలిండరొకటి ఎక్కింది. అది పక్కవాళ్లదట, సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలట.

సముద్రం అవతల దుకాణాల్లో సరుకు కొనేవాళ్లు ఈమధ్య ఆరాలు తీస్తున్నారు, పనివాళ్లని సరిగా చూసుకుంటున్నారా లేదా అని. అందుకని ఆ దుకాణాలు నడిపే విదేశీ కంపెనీ తనతో వ్యవహారం ఉన్న ప్రతి చోటికీ మనిషిని పంపుతోంది. బాగుందంటే మూడేళ్ల కాంట్రాక్టు. బాలేదంటే నలభైమందీ ఇంటిదారి పట్టాలి. ఆ సంగతి మేనేజరు ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.

తర్వాత అందరినీ నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఎన్ని గంటల పని? ఎనిమిది. ఆదివారాలు? సెలవు. ఒంట్లో బాలేకపోతే? ఇంటికి పంపిస్తారు. ఆ మాటకి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“గడగడా అప్పజెప్పకండి. కాస్త తడుముకోవాలి, అప్పుడే నమ్ముతారు,” అన్నాడు. అంతలోనే తనకే నవ్వొచ్చింది. “అయినా మీకు నేను నేర్పేదేముందిలే.”

చిట్టికి మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో పిలిచే ఆ పేరే ఆమెకి ఇక్కడా అతుక్కుపోయింది. గురువారం వాళ్లక్కకి గుండె ఆపరేషను. అమ్మానాన్నలు లేరు, బావ ఎప్పుడో వదిలేసి పోయాడు. చిట్టిని పెంచింది అక్కే. ఇప్పుడు అక్కకి ఉన్నదల్లా చిట్టే. సెలవు కావాలని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చూద్దాం అన్నాడు మేనేజరు. ఇరవై రెండు రోజులుగా ఆమెకి ఒక్క ఆదివారం కూడా లేదు. తెల్లారకముందే బస్సెక్కాలి, చీకటిపడ్డాక ఇల్లు చేరాలి.

ఇవాళ ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలనుకుంది. ఎవరేమనుకుంటే నాకేం అనుకుంది.

అది మొహంలో కనిపించిందేమో, మేనేజరు పక్కకి పిలిచాడు.

“ఇవాళ గట్టెక్కించమ్మా. గురువారం నీ సెలవు ఖాయం. మా పిల్లల మీద ఒట్టు.”

తనిఖీకి వచ్చినావిడ మర్యాదస్తురాలు. తలుపు వేసి, ఫోను పక్కన పడేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఎండల గురించి మాట్లాడింది. ఈ వరసంతా చిట్టికి తెలుసు. ముందు ఎండలు, తర్వాత ఇంటి విషయాలు, ఆ తర్వాత అసలు సంగతి.

“అవసరమొచ్చి సెలవు అడిగితే ఇస్తారా?”

గోడ అవతల మేనేజరు చెప్పుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది. ఇవ్వరు అంటే చాలు, అంతా బయటపడుతుంది. కానీ ఆసుపత్రి మంచం మీద అక్క ఒంటరిగా పడుకుని ఉండటం కళ్లకి కట్టింది.

“ఇస్తారండీ.” కాస్త తడుముకుంది. “మొన్నొకసారి ఆలస్యమైంది. కానీ ఇచ్చారు.”

ఆవిడ తలూపి రాసుకుంది. అబద్ధం అంత చక్కగా వచ్చినందుకు చిట్టికి తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నం కాంట్రాక్టు ఖాయమైంది. మేనేజరు మిఠాయిలు పంచాడు. చిట్టి చేతిలో రెండు పెట్టాడు. ఆమె గురువారం మాటెత్తింది.

“కాంట్రాక్టు వచ్చిందిగా తల్లీ, పని నెత్తి మీదుంది. రేపే మొదలు. నువ్వు లేకపోతే ఎలా చెప్పు?”

ఒట్టు సంగతి గుర్తుచేసింది. విననట్టే మిఠాయి డబ్బాతో ముందుకెళ్లిపోయాడు. రేపు రాకపోతే ఇక రానక్కర్లేదని సాయంత్రం వేరేవాళ్లతో చెప్పించాడు. అక్క మందులూ ఆసుపత్రీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి. చిట్టి ఆ రాత్రంతా ఏడ్చింది.

గురువారం పదింటికి, అక్కని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లే వేళకి, చిట్టి ఎప్పట్లాగే ‘తనిఖీ అధికారి’ అన్న బిళ్ల మెడలో వేసుకుని, తమ ఆఫీసుకి కొత్తగా వచ్చిన తనిఖీల కాంట్రాక్టు మీద, ఆ విదేశీ కంపెనీకి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఒక గది తలుపు వేసి, బిక్కుబిక్కుమంటూ కూర్చున్న కుట్టుపని అమ్మాయిని మెల్లగా అడిగింది: “భయపడకమ్మా, నిజం చెప్పు, ఈ జవాబులు నీకెవరు నేర్పారు?”