తిప్పతీగ సంబంధం

“తాగమ్మా, మొహమాటపడకు. లివరూ కిడ్నీలూ అద్దంలా మెరుస్తాయి,” అంటూ ఎలీసమ్మ స్టీలు గ్లాసు ఫెబా చేతిలో పెట్టింది.

కొడుకు మార్క్‌కి పిల్లని చూడ్డానికి భర్తనీ వెంటబెట్టుకుని దర్శి నుంచి వేటపాలెం వచ్చిన ఎలీసమ్మ, పళ్లూ పూలతో పాటు తను కాచిన తిప్పతీగ రసం కూడా సీసా నిండా తెచ్చింది.

ఫెబా గ్లాసులోకి చూసింది. నల్లగా, జిగురుగా ఉంది. ఎదురుగా మార్క్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆమెకి తెగ నచ్చేసింది. కళ్లు మూసుకుని గుటుక్కున మింగితే సంబంధం ఖాయం!

కానీ గుంటూరులో ఫార్మసీ కాలేజీలో ఫెబా చేసే రీసెర్చే అది. మొక్కల రసాలు ఎలుకలకి పట్టి, వాటి లివర్, కిడ్నీలు ఏమవుతున్నాయో చూడటం.

“ఆంటీ, దీన్ని ఎక్కడైనా టెస్ట్ చేయించారా?”

“చెట్టు రసానికి టెస్టేంటమ్మా! దేవుడు చేసిన మొక్క.”

“గన్నేరూ దేవుడు చేసిందే కదండీ!”

తల్లి హెలెన్ వెనక నుంచి గట్టిగా గిల్లింది. ఫెబా ‘అబ్బా’ అని కూడా అనలేదు.

“తిప్పతీగ పడక లివర్ దెబ్బతిన్నవాళ్లు ఉన్నారాంటీ. ఎంత తాగొచ్చో, ఎవరు తాగకూడదో తెలీకుండా నేను తాగను. మీరూ ఎవరికీ పొయ్యొద్దు.”

మార్క్‌కి నవ్వాగక పొలమారింది. ఎలీసమ్మ మొహం పండుమిరపకాయ అయింది.

“గడప తొక్కకముందే అత్తకి పాఠాలా? ఏవండీ, లేవండి. ఈ సంబంధం మనకొద్దు!”

“అయ్యో వదినగారూ, చిన్నపిల్ల…” హెలెన్ అడ్డం వచ్చింది. ఫెబా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్లాసు మాత్రం నోటి దగ్గరికి పోలేదు.

వచ్చిందగ్గర్నుంచీ నోరు విప్పని మార్క్ తండ్రి యేసుపాదం అప్పుడు లేచాడు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం. ఆయన తిన్నగా ఫెబా దగ్గరికొచ్చి, గ్లాసు లాక్కుని, రసమంతా కిటికీలోంచి బయట పారబోశాడు.

తర్వాత రెండు చేతులూ జోడించాడు.

“రోజూ పరగడుపునే నాతో తాగిస్తోంది తల్లీ. ఈ ఆదివారమే ప్రధానం పెట్టేసుకుందాం, వచ్చే నెల దాకా ఆగితే నీకు మామగారు మిగలడు!”