బొంత లోపలి నవల

"అయిపోయిందండీ!" అంటూ మా ఆవిడ తన బొంతను నా రాతబల్ల మీద పరిచింది.

ఆరు పలకల ఆకారంలో కత్తిరించిన చిన్న చిన్న గుడ్డముక్కలను చేత్తో అతుకుతూ పదకొండేళ్లు తగలేసింది మహాతల్లి.

"బుర్ర అక్కర్లేని పనికి ఓపిక బాగానే ఉంటుంది. నవల రాసుకునే బల్ల మీద ఈ గుడ్డలేంటి? తియ్యి!" అన్నాను.

"కాగితాలు లాగేసి తీసేస్తాను."

"ఏం కాగితాలు?"

"ముక్క ఆకారం చెడకుండా లోపల కాగితం పెట్టి కుడతాం కదండీ. అన్నీ అతికాక లాగెయ్యాలి."

బొంత తిరగేసి టాకాలు తెంపింది. ఆరు పలకల కాగితాలు నా ముందు రాలాయి. అన్నిటి మీదా నా దస్తూరీయే!

"నా నవలని కత్తిరించావా?"

"మీరు నలిపి బుట్టలో పారేసినవేనండీ. ఇస్త్రీ చేసి వాడుకున్నాను."

ఒకటి తీసి చదివాను: 'ఆ ఉదయం వాన కురుస్తోంది.' ఇంకోటి: 'ఆ ఉదయం వాన వెలిసింది.' మూడోదాంట్లో మళ్లీ అదే ఉదయం, అదే వాన.

"పదకొండేళ్లుగా ఎప్పుడు చూసినా బుట్టలో మొదటి పేజీయే," అంది, దారం కొరుకుతూ. "మిగతా నవలంతా ఈ బల్ల సొరుగులో భద్రంగా దాచారు కదూ?"

సొరుగు తెరవమంటుందేమోనని, నేనే తియ్యమన్న ఆ బొంతను లాగి సొరుగు మీద కప్పేశాను.