అధ్యక్షుడి డైవు

"ఈ ప్లాస్టిక్ గడ్డికి నీళ్లక్కర్లేదు, కోతక్కర్లేదు. ఇక నీకు విశ్రాంతే," అన్నాడు ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు, స్టేడియంలో నమూనా ముక్క పరిచి చూపిస్తూ.

ఇరవై ఏళ్లుగా అక్కడ గడ్డి పెంచుతున్న మాలి ఆ ముక్కను అరచేత్తో రుద్ది చూశాడు. "దానిమీద ఒక్కసారి పడి చూడండి సార్."

ఒకప్పటి గోల్‌కీపర్ కదా, అధ్యక్షుడు రోషంగా దూకాడు. ప్యాంటు చిరిగింది, మోకాలి చర్మం లేచింది.

"అమ్మోయ్! మంట!"

"ఇప్పుడు మన గడ్డి మీద పడండి."

ఈసారి మెత్తగా జారాడు. లేచి, మట్టి దులుపుకోకుండానే మళ్లీ దూకాడు. మూడోసారి పకపకా నవ్వాడు.

"ప్లాస్టిక్ వద్దులేవయ్యా, గడ్డే ఉంచుదాం!" అంటూ నాలుగోసారికి పరుగందుకున్నాడు.

"సంతోషం సార్!" అని అరిచాడు మాలి. "ముందు మీరు బయటికి రండి, గడ్డంతా పెళ్లగించేస్తున్నారు!"

అధ్యక్షుడు బుద్ధిగా మైదానం గీత దాటి బయట నిలబడ్డాడు.