అరువిచ్చిన మణికట్టు

మహమ్మారి ఏటేటా తిరిగివచ్చే ఆ కాలంలో, విశాఖ తీరాన ఉన్న హోటళ్లు ప్రతి ఉద్యోగి మణికట్టుకూ ఒక క్షేమపట్టీ కట్టాయి. మనసు కుంగినట్టు పట్టీ చూపితే ఆ ఉద్యోగిని విశ్రాంతి పేరిట ఇంటికి పంపేవారు. అలా వెళ్లినవారిని మళ్లీ పిలిచేవారు కాదు. అందువల్ల, గదులు సర్దే నూకరత్నం తల్లి జ్వరంతో ఆసుపత్రిలో చేరిన నాడు, తోటి ఉద్యోగిని పైడితల్లి చెయ్యి చాపింది.

"నీ పట్టీ ఇలాగిచ్చీ పిల్లా, నా పట్టీ పక్కనే కట్టుకుంతాను. నాకేటి, బండరాయిని. నువ్వు ఏడుసుకో."

వారానికి తల్లి పోయింది. నూకరత్నం తాను సర్దుతున్న గదిలోంచే మేనేజరుకు ఫోను చేసింది.

"బాబూ, మాయమ్మ పోనాది. సివరిసూపు సూసేసి వచ్చెత్తాను."

"సెలవు కోసం అందరూ అమ్మల్ని చంపేస్తున్నారమ్మా. పట్టీలో దుఃఖం కనబడితేనే సెలవు. నువ్వేమో వారమంతా హాయిగా ఉన్నావు."

నిజం చెబితే పైడితల్లి ఉద్యోగం కూడా పోతుంది. అందుచేత నూకరత్నం మళ్లీ బతిమాలుకుంది. పక్కనే దుప్పట్లు మడుస్తూ ఆ మాటలన్నీ విన్న పైడితల్లికి మాత్రం దుఃఖం ఆగలేదు.

"ఉండుండు, ఇప్పుడు తెరమీద కనబడుతోంది," అన్నాడు మేనేజరు. "సరే, వెళ్లు. పైడితల్లికి కూడా చెప్పు, ఆవిడదీ అలాగే ఉంది. ఇద్దరూ ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి."