సుక్రి చెట్టుకు పూసిన పూత

గాసన్న భార్య, చనిపోయిన సుక్రి నాటిన పైన్ చెట్టుకు పొరుగింటి సోమ్రా నీళ్ళు పొయ్యడం తప్పు. గాసన్నకు మటుకు అది తేలిపోయిన సంగతి.

అరకులో ఇప్పుడు అందరి ముక్కుకీ వాసన పట్టే చిన్న యంత్రపు బిళ్ళ ఉంది. దాహంతో చెట్టు వదిలే వాసనకు మాను తొలిచే పురుగులు వాలకముందే, నీళ్ళు పొయ్యమని అది చెబుతుంది. ప్రతిసారీ సోమ్రాయే ముందుగా బిందెతో వచ్చేవాడు.

“వదిన సెట్టు ఏడుస్తంది. నీ బిళ్ళ నిద్దరోతందేటన్నా?” అని నవ్వేవాడు.

గాసన్నకు ఒళ్ళు మండి, వాసన బయటికి పొక్కనివ్వని పూత తెచ్చి మాను నిండా పూశాడు. పురుగులు రాలేదు, సోమ్రా రాలేదు. గాసన్న బిళ్ళా పలకలేదు. చెట్టు హాయిగా ఉందనుకుని అతను నీళ్ళు పొయ్యలేదు.

వేసవి చివరికి ఆకులన్నీ ఎర్రబారి రాలిపోయాయి.

“ఇంతలా ఎండిపోతే నాకు వాసనే తగల్లేదేటన్నా?” అన్నాడు సోమ్రా, మానును తడుముతూ.

గాసన్న ఆ చేతిని తోసేశాడు.

“ఈ సెట్టు ఊసు ఇంక ఎత్తకు. నానూ ఎత్తను, సచ్చేదాకా.”